ఆషాఢం లోపు ఓ ఇల్లు

మా అత్తగారు శ్యామలాంబగారు ఎవరింటికెళ్ళినా మంచినీళ్ళు కూడా అడగరు. ఎండన పడి వెళ్ళి నాలుక పిడచగట్టుకుపోతున్నా, "ఏమైనా తీసుకుంటారా?" అంటే "అబ్బే, ఇప్పుడే తాగి బయల్దేరానండి" అంటారు. ఆవిడ కొడుకు, అంటే మా ఆయన మహేంద్ర, ఈ విషయంలో తల్లిని మించిపోయాడు. హోటల్లో సాంబారులో ఉప్పు లేకపోతే సర్వర్‌కి చెప్పడు, పాపం బాధపడతాడేమోనని. ఇలాంటి ఇద్దర్ని వెంటేసుకుని, రామచంద్రపురంలో, ఆషాఢం వచ్చేలోపు నేను అద్దె ఇల్లు వెతకాల్సొచ్చింది. నా పేరు సాయిసుధ. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పిల్లలు నన్ను చూసి ఎందుకు హడలిపోతారో నాకా వేసవిలో బాగా అర్థమైంది, ఎందుకంటే అద్దంలో నన్ను చూసుకుంటే నాకే భయమేసేది.

నిజానికి మాకు ఇల్లు లేక కాదు. జోగేశ్వరరావుగారి ఇంట్లో పక్క వాటాలో మూడేళ్ళుగా ఉంటున్నాం. ఆయన పొలం కౌలుకిచ్చేసి టౌన్లో స్థిరపడిన పెద్దమనిషి. నోరు తెరిస్తే "అలాగేనమ్మా" తప్ప ఇంకో మాట రాదు. ఆయన భార్య జగదాంబగారు. ఆవిడ గురించి చెప్పాలంటే ముందు గోడ గురించి చెప్పాలి.

రెండు వాటాల పెరళ్ళకీ మధ్య ఒక గోడ ఉంది. మనిషి ఛాతీ ఎత్తు ఉంటుంది. మధ్యాహ్నం ఎండ వాలగానే ఇటు మా అత్తగారు, అటు జగదాంబగారు ఎత్తు స్టూళ్ళేసుకుని కూర్చుంటారు. గోడ మీద ఒకవైపు గోంగూర కట్ట, ఇంకోవైపు చిక్కుడుకాయలు. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే నోళ్ళు ఊరందరి సంగతీ చూస్తుంటాయి. వానొస్తే చెరో గొడుగూ వేసుకుంటారు గానీ లేచి లోపలికి మాత్రం వెళ్ళరు. ఒకరింటికి ఒకరు వెళ్ళాలంటే చుట్టూ తిరిగి వీధిలోకొచ్చి, మురుక్కాలవ మీద ఊగే రాతిపలక దాటి, గేటు తీసుకుని మెట్లెక్కాలి. మా అత్తగారి మోకాళ్ళకి అంత ఓపిక లేదు. అందుకని గోడ దగ్గరే కాపురం.

మావయ్యగారు పోయాక మా దగ్గరికొచ్చిన కొత్తలో ఈవిడ రోజుకి పట్టుమని పది మాటలు కూడా మాట్లాడేవారు కాదు. టీవీ పెట్టుకునేవారు, చూసేవారు కాదు. మనిషిని మళ్ళీ మాటల్లో పెట్టింది నేను కాదు, కన్నకొడుకూ కాదు, గోడవతల జగదాంబగారు. అందుకు నాకు ఆవిడంటే ఎంత కృతజ్ఞతో, లోపల్లోపల అంత అసూయ కూడా.

ఇంత చల్లగా ఉన్న కాపురంలోకి బ్రోకరు పల్లంరాజు వచ్చాడు. ఈ వాటా మాకు కుదిర్చింది అతనే. ఓ సాయంత్రం బజారు నుంచి వస్తుంటే సందు మొగలో బండాపి, గొంతు తగ్గించాడు.

"మేడంగారూ, నేను చెప్పానని అనకండి. జోగేశ్వరరావుగారికి మీ వాటా కావాలండి. కాకినాడలో ఉంటారు కదండీ పెద్దమ్మాయిగారు, వచ్చేస్తున్నారు. రెండు వాటాలూ కలిపేసుకుంటారు. మీతో అనడానికి ఆయనకి మొహమాటం. ఆయ్."

నా ఒళ్ళు మండింది. మూడేళ్ళు పక్కపక్కన ఉండి, బ్రోకరుతో కబురా! తిన్నగా వెళ్ళి అడిగేస్తానని చెప్పులు కూడా విప్పలేదు. మహేంద్ర గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"వద్దు సుధా. నువ్వు అడిగితే ఆయన మొహమాటానికి 'అబ్బే, ఉండండమ్మా' అంటారు. అన్నాక మనం ఉండిపోతాం. వాళ్ళమ్మాయి ఇబ్బంది పడుతుంది. ఎంత తప్పు!"

"నిజమే బాబూ. పెద్దవాళ్ళని ఇరకాటంలో పెట్టకూడదు" అన్నారు మా అత్తగారు, గోడ వైపు చూస్తూ.

అప్పటికీ నాకు సందేహంగానే ఉండేది. కానీ మర్నాడు పొద్దున్న పెరట్లోకి వెళ్ళేసరికి జోగేశ్వరరావుగారు తాపీమేస్త్రిని పక్కన పెట్టుకుని టేపుతో ఆ గోడే కొలుస్తున్నారు. నన్ను చూడగానే టేపు వీపు వెనక దాచేసుకున్నారు, కాపీ కొడుతూ దొరికిపోయిన మా ఎనిమిదో తరగతి కుర్రాడిలాగ. ఇంకేం కావాలి సాక్ష్యం? గోడ పడగొట్టి వాటాలు కలుపుతారన్నమాట. ఇంక అడగడానికి నాకూ పౌరుషం అడ్డొచ్చింది. చెప్పలేనివాళ్ళని మనమెందుకు అడగాలి?

ఓ వారం పోయాక ఆయనే గేటు దగ్గర ఎదురుపడి, నేల చూపులు చూస్తూ, "మీ వీలు చూసుకోండమ్మా. మా గురించి ఏం ఆలోచించకండి" అన్నారు. "అలాగేనండీ" అన్నాను నేను, పళ్ళు బిగించి. దాంతో అంతా ఖాయమైపోయింది. పెట్టెలతో దిగిన వాళ్ళమ్మాయి నాలుగు రోజులుండి కాకినాడ వెళితే, మిగతా సామాను తెచ్చుకోవడానికే అనుకున్నాం.

జ్యేష్ఠం సగం గడిచిపోయింది. ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు. అందుకని పల్లంరాజు బండి ముందు, మా స్కూటీ వెనక, మా అత్తగారు వెనక సీట్లో చేతిసంచీతో, ఊరేగింపు మొదలైంది.

పల్లంరాజు ముందు ఫోనుకి వీడియో పంపిస్తాడు. "గాలీ వెలుతురూ మేడంగారూ, చూడండి" అంటూ అతని గొంతు కూడా అందులో ఉంటుంది. మొదటి వీడియోలో పచ్చటి కొబ్బరితోట కనిపించింది. మనసు లాగింది. తీరా వెళితే ఆ తోట కిటికీ బయట, ఎవరిదో. కిటికీ ఇవతల ఉన్న గదిలో మంచం వేస్తే మనం బయట నిలబడాలి. "వీడియోలో ఈ గది ఏదండీ?" అంటే, "కిటికీ తియ్యడంలో గది రాలేదండి" అన్నాడు.

ఇంకో ఇల్లు నిజంగా పెద్దదే. కానీ ఆ ఇంటాయనకి ఎవరో వాస్తు చెప్పారట. వీధి గుమ్మం మూసేసి గోడ కట్టేశాడు. లోపలికి వెళ్ళాలంటే పక్క సందులోంచి వెళ్ళి, స్నానాలగది దాటుకుని, వంటింట్లో తేలాలి. "చుట్టాలొస్తే ఎలాగండీ?" అన్నాను. "గుమ్మం మార్చాక చుట్టాలు తగ్గారమ్మా. చాలా కలిసొచ్చింది" అన్నాడాయన. అబద్ధమని నేను అనలేను.

వీటన్నిటినీ తలదన్నేది సంపూర్ణమ్మగారిల్లు. పెరడు, బావి, మామిడి చెట్టు, అద్దె మాకు అందేంత. సంపూర్ణమ్మగారు మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి ఇంటి పేరు అడిగారు. తర్వాత ఊరు. తర్వాత మా అత్తగారి పుట్టిల్లు, ఆవిడ తల్లి పుట్టిల్లు. నేను గడియారం చూసుకుంటున్నాను, వాళ్ళు పిఠాపురం దగ్గర ఏదో ఊళ్ళో కలిసిపోయారు. సంపూర్ణమ్మగారి పెదనాన్న కోడలూ, మా అత్తగారి మేనత్తా అక్కచెల్లెళ్ళట. ఇద్దరికీ కళ్ళనీళ్ళు తిరిగాయి. లోపల్నించి పెసరట్లొచ్చాయి, అల్లప్పచ్చడొచ్చింది. మా అత్తగారికి ఎండకి తలనొప్పి పట్టుకుందని నాకు తెలుసు. కాఫీ ఇవ్వబోతే మాత్రం, "అబ్బే, ఇప్పుడే తాగానండి" అనేశారు.

పెసరట్టు నోట్లో పెట్టుకుని, మొత్తానికి ఇల్లు దొరికిందిరా దేవుడా అనుకున్నాను. చేతులు కడుక్కుని వచ్చేసరికి సంపూర్ణమ్మగారు పల్లంరాజుతో అంటున్నారు: "ఎంత పని చేశావయ్యా, మా వాళ్ళనే తీసుకొచ్చావు! చుట్టాల దగ్గర అద్దె ఎలా పుచ్చుకుంటాం? పుచ్చుకోకుండా ఎలా ఇస్తాం? ఇంకెవరినైనా చూడు." మమ్మల్ని గేటు దాకా సాగనంపి, జాకెట్టు ముక్కలు పెట్టి, తరచూ వస్తూ ఉండమన్నారు.

ఆ రోజు సందులో బండాపి పల్లంరాజు మీద ఎగిరిపడ్డాను. "మా పుట్టుపూర్వోత్తరాలు కనుక్కోకుండా ఇల్లిచ్చేవాళ్ళు ఈ ఊళ్ళో ఒక్కళ్ళూ లేరా?"

"ఉంటారండి. మీకేం కావాలో మీరు సూటిగా చెబితే నేను తెస్తాను" అన్నాడు. "పెద్దమ్మగారూ, మీరు చెప్పండి."

"ఏదైనా పర్వాలేదు బాబూ" అన్నారు మా అత్తగారు.

ఏదైనా పర్వాలేదనే మనిషి చూసిన ప్రతి ఇంటికీ వంక పెట్టారు! ఒకదానికి గాలి లేదు, ఒకదానికి గాలి ఎక్కువ. నాకు చిర్రెత్తుకొచ్చేది. మళ్ళీ ఓ ఇంటికెళ్ళినప్పుడు ఆవిడ వెనకే వెళ్ళి చూశాను. గదులు చూడలేదు, వంటిల్లు చూడలేదు. మోకాళ్ళు పట్టుకుంటూ నేరుగా పెరట్లోకి వెళ్ళారు. మునివేళ్ళ మీద లేచి గోడవతలకి చూశారు. అవతల మోటారు సైకిళ్ళ షెడ్డు ఉంది. ఓ మెకానిక్ కుర్రాడు సైలెన్సరు విప్పుతున్నాడు. ఆవిడ కాసేపు అలాగే చూసి వెనక్కి తిరిగి, "ఇల్లు బానే ఉంది సుధా. కానీ నీళ్ళు ఉప్పగా ఉంటాయేమో" అన్నారు. నీళ్ళు రుచి చూడనేలేదు. ఆవిడ వెతుకుతున్నది ఇల్లు కాదని నాకప్పుడు తెలిసింది. ఆ తర్వాత వంక పెట్టినప్పుడల్లా నేను విసుక్కోలేదు, కానీ అది అద్దెకి దొరికేది కాదు కదా, ఏం చెయ్యను?

ఈలోగా ఇంటి దగ్గర పరిస్థితి ఇంకా అన్యాయంగా తయారైంది. గోడ మీంచి రోజూ గిన్నెలు వస్తున్నాయి. పనసపొట్టు కూర, కొబ్బరి బూరెలు, ఓ రోజు బొబ్బట్లు కూడా. గిన్నె అందించి జగదాంబగారు, "ఎండలు మండిపోతున్నాయి" అంటారు. "అవునండి, మండిపోతున్నాయి" అంటారు మా అత్తగారు. అంతే, స్టూళ్ళు ఖాళీ. ఆ బొబ్బట్టు చేతిలో పట్టుకుని ఈవిడ, "సాగనంపుతూ పెడుతున్నారమ్మా" అని కొంగు కళ్ళకి అద్దుకున్నారు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నేనూ ఓ బొబ్బట్టు తినేశాను.

ఆఖరికి కాలవగట్టు రోడ్డులో ఓ రెండో అంతస్తు వాటా దొరికింది. కొత్తది, శుభ్రంగా ఉంది. ఇంటాయన హైదరాబాదులో ఉంటాడు, మా ఇంటి పేరు కూడా అడగలేదు. లిఫ్టు లేదు, పెరడు అసలే లేదు. మా అత్తగారు మెట్ల మధ్యలో ఓసారి కూర్చున్నారు, మళ్ళీ లేచారు. పైకొచ్చి బాల్కనీలోంచి చూశారు. కింద రోడ్డు, ఎదురుగా కాలవ. తొంగి చూడ్డానికి గోడంటూ ఏదీ లేదు.

"బావుంది సుధా. ఖాయం చేసెయ్యి" అన్నారు.

వద్దందామని నోరు తెరిచాను. కానీ ఆషాఢం తోసుకొచ్చేస్తోంది. అడ్వాన్సు ఇచ్చేశాం. ఇక్కడి వాటాకి కూడా పల్లంరాజు ఎవరినో చూస్తున్నాడని వీధిలో చెప్పుకున్నారు. కూతురి కోసం ఖాళీ చేయించినవాళ్ళకి అద్దెకొచ్చేవాళ్ళెందుకో, ఆ ఆలోచన లెక్కలు చెప్పే నాకు రాలేదు. కోపంలో ఉంటే కూడికలు కూడా రావు.

పాలు పొంగించడానికి ముహూర్తం పెట్టించాం. ఆ పాలు పొయ్యి మీద పెట్టాల్సింది ఆ ఇంటి ఆడపడుచు. మహేంద్రకి అక్కచెల్లెళ్ళు లేరు. మూడేళ్ళ కిందట ఈ వాటాలోకి వచ్చినప్పుడు, "నన్ను వదినగారూ అన్నారుగా, అయితే మీ ఇంటి ఆడపడుచుని నేనే" అని జగదాంబగారే వచ్చి పొంగించారు. అందుకని మా అత్తగారు పట్టుబట్టారు. "వెళ్ళిపొమ్మన్నా సరే, ఆ వరస పోదు కదమ్మా. ఆవిడ చేత్తోనే పొంగాలి. బొట్టు పెట్టి పిలుద్దాం రా."

సామాన్లు మూటలు కట్టేసిన సాయంత్రం, కుంకుమ భరిణె నేను పట్టుకుని, ఆవిడ నా భుజం పట్టుకుని, వీధిలోకొచ్చి, ఊగే పలక దాటి, మెట్లెక్కి వాళ్ళింటికి వెళ్ళాం. జోగేశ్వరరావుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. జగదాంబగారు లోపల్నించి చేతులు తుడుచుకుంటూ వచ్చారు.

"పిన్నిగారూ, రేపు పొద్దున్న పాలు పొంగించాలి. మీరే రావాలి" అని నేను కుంకుమ తీసి ఆవిడ నుదుటి దగ్గరికి వేలు తీసుకెళ్ళాను.

ఆవిడ మొహం పక్కకి తిప్పేసుకున్నారు.

మా వైపు ఆడవాళ్ళు పగవాళ్ళొచ్చి బొట్టు పెడతామన్నా మొహం తిప్పుకోరు. నా వేలు గాల్లో అలాగే ఉండిపోయింది. జోగేశ్వరరావుగారు మళ్ళీ కుర్చీలో కూలబడ్డారు.

"ఈ బొట్టు నేను పెట్టించుకోను" అన్నారు జగదాంబగారు. "మీరు సొంత ఫ్లాటు కొనుక్కున్నారు, సంతోషమే. నాతో ఒక్క మాట చెప్పకుండా, బ్రోకరుతో చెప్పించారు, అదీ ఓర్చుకున్నాను. నన్ను వదిలేసి వెళ్ళేది చాలక, ఆ పాలు కూడా నా చేతే పొంగిస్తారా వదినగారూ? నాకు ప్రాణం ఒప్పట్లేదు."

మా అత్తగారు నా భుజం వదిలేశారు.

"ఫ్లాటేంటండీ? మీరే కదా వెళ్ళమన్నారు, పెద్దమ్మాయి వచ్చేస్తోందని!"

"నేనా? అమ్మాయి సెలవులకొచ్చి వెళ్ళిపోయింది!"

"మరి గోడ కొలిచారు కదండీ బాబాయిగారూ, వాటాలు కలపడానికి" అన్నాను నేను.

జోగేశ్వరరావుగారు తల వంచుకున్నారు. "గోడకి తలుపు పెట్టిద్దామని కొలిచానమ్మా. చెల్లెమ్మగారు మోకాళ్ళ నొప్పులతో చుట్టూ తిరిగి రాలేకపోతున్నారు కదా. పూర్తయ్యాక చూపిద్దామని దాచాను. ఆ సాయంత్రమే పల్లంరాజు వచ్చి, మీరు వెళ్ళిపోతున్నారన్నాడు. తలుపెవరికని మానేశాను."

తర్వాత జగదాంబగారు ఏడ్చారు, మా అత్తగారు ఏడ్చారు. నేను మాత్రం పల్లంరాజుకి ఫోన్ చేశాను.

బేరం అనుకుని ఎగురుకుంటూ వచ్చాడు. మా నలుగురి మొహాలూ చూసి హెల్మెట్ తియ్యకుండానే నిలబడ్డాడు. కడిగేశాను. అంతా విని, ఏమాత్రం తొణక్కుండా చెప్పాడు:

"మేడంగారూ, ఈ ఊళ్ళో ఎవరన్నా ఏదన్నా సూటిగా చెబుతారా అండీ? అద్దెకిస్తానని చెప్పరు, ఇవ్వనని చెప్పరు. అన్నీ మేమే కనిపెట్టాలి. గోడ పగలగొట్టాలి రమ్మన్నారని మేస్త్రి చెప్పాడు, పెద్దమ్మాయిగారు పెట్టెలతో దిగారు, అర్థం చేసుకున్నాను. మహేంద్రగారు ఫ్లాట్ల రేట్లు అడిగారు."

"ఆఫీసులో ఒకాయన కనుక్కోమంటేనయ్యా!" అన్నాడు మహేంద్ర. అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అది నాకు చెప్పారా అండీ? అదీ అర్థం చేసుకున్నాను. తప్పు నాదే, కాదనను. కానీ రెండు వైపులా నేను విప్పి చెప్పానండి. మీలో ఒక్కరన్నా పక్కింటికెళ్ళి 'నిజమేనా?' అని అడిగారా? ఆయ్?"

లెక్కల టీచరుని, నన్ను నిలబెట్టి అడిగినట్టయింది. అడగబోయిన నన్ను ఆపాడని మహేంద్ర మీద తోసేద్దామనుకున్నాను గానీ, ఆగిపోయింది నా పౌరుషం వల్ల కూడానని నాకు తెలుసు.

పల్లంరాజు మాత్రం నష్టపోయే మనిషి కాదు. ఈ వాటా కోసం తెచ్చినవాళ్ళని కాలవగట్టు రెండో అంతస్తుకి పంపిస్తానని, మా అడ్వాన్సు ఆ ఇంటాయన దగ్గర్నించి తనే ఇప్పిస్తానని లెక్క సరిచేసేశాడు. వెళ్ళబోతూ, "ఎలాగైతేనేం, మీకు మంచి ఇల్లు దొరికినట్టే కదండీ" అని నా మొహం చూసి, నేను ఏదో అనేలోపే బండి స్టార్ట్ చేశాడు.

ఇంక తలుపు సంగతి. జోగేశ్వరరావుగారు క్యాలెండరు తీసి, ఆషాఢంలో ద్వారబంధం నిలబెట్టకూడదని, శ్రావణం దాకా ఆగుదామని అన్నారు. జగదాంబగారు ఆయన చేతిలోంచి క్యాలెండరు లాక్కున్నారు. "తలుపు శ్రావణంలో పెట్టుకోండి. గోడ పగలగొట్టడానికి ముహూర్తం ఎందుకు? రేపు పొద్దున్నే మేస్త్రిని పిలవండి" అన్నారు. ఆవిడ భర్తకి ఎదురు చెప్పడం నేను చూడ్డం అదే మొదలు. ఆయన కూడా ఎప్పట్లాగే, "అలాగే" అన్నారు.

పొద్దున్న మా వంటింట్లో మూటలు విప్పుతుంటే పెరట్లో సుత్తి దెబ్బలు వినిపించాయి. గోడలో మనిషి పట్టేంత సందు పడింది. ఇటుక ముక్కలింకా తియ్యనేలేదు, జగదాంబగారు పాలగిన్నె పట్టుకుని, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని అందులోంచి వచ్చేశారు. ముహూర్తం మేము వేరే ఇంటికి పెట్టించుకున్నదే, ఇంట్లోకి మూడేళ్ళ కిందటే వచ్చాం, అయినా సరే మా పాత పొయ్యి మీదే పాలు పొంగించారు. ఈసారి బొట్టు పెడుతుంటే కదల్లేదు. పొయ్యంతా పాలే. తుడిచింది నేనే.

సాయంత్రానికి ఇటుకలు ఎత్తేశారు. మా అత్తగారు స్టూలు తీసుకుని అలవాటుగా గోడ దగ్గరికి వెళ్ళి ఆగిపోయారు. కాసేపు ఆ సందునే చూశారు. స్టూలు అక్కడే పెట్టేసి, ఓ చెయ్యి గోడకి ఆనించి, నెమ్మదిగా అవతలికి అడుగేశారు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. జగదాంబగారు వాళ్ళ వంటింట్లో ఏదో పనిలో ఉన్నారు. మా అత్తగారు గుమ్మం దగ్గర నిలబడి, ఇటు మా ఇంట్లోకి కూడా వినపడేంత గట్టిగా పిలిచారు.

"వదినగారూ, నేనొచ్చాను. తలనొప్పిగా ఉంది, కాస్త కాఫీ పెట్టండి."